వెలిగించని కర్పూరం

ముందే చెప్పేస్తాను. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దేవుడంటే అసలే లేదు. ఆ రెండూ ఒకే కొట్లో దొరికే సరుకని మా నాన్న అనేవారు. నేనూ అదే పాట పాడుతూ పెరిగాను. పెళ్లిపీటల మీద పురోహితుడితో వాదన పెట్టుకుని మా మామగారి చేత చీవాట్లు తిన్నవాణ్ణి. కాబట్టి ఇదేదో భక్తి కథ అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మేం ఐర్లండ్‌లో ఎన్నిస్ అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటాం. షానన్‌లో నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దేవుడి విషయంలో నా భార్య సుజాత నాకు పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ వంటింటి అల్మరాని ప్రెస్ అంటారు. అలాంటి ప్రెస్ ఒకటి ఖాళీ చేసి, ప్లేట్లు పెట్టాల్సిన చోట దేవుళ్లను పెట్టింది. శుక్రవారం వచ్చిందంటే కర్పూర హారతి. హారతి వెలిగిందంటే హాల్లో స్మోక్ అలారం కూత. ఒకసారి ఇల్లు అంటుకుందేమోనని పక్కింటి పెద్దావిడ నోరా గారు చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో గొడవే.

"నీ దేవుడికి పొగ పెట్టకపోతే ఊపిరాడదా?" అని నేను. "ముందు మీ నోటికివ్వాలి హారతి" అని తను.

కరోనా మా ఇంట్లోకి నాతోనే వచ్చింది. జ్వరం పెద్దగా లేదు గానీ, వాసన మొత్తం పోయింది. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలిసేది కాదు. పోపు మాడితే మా ఎనిమిదేళ్ల పాప మేఘన వచ్చి చెప్పాల్సిందే. నేను తేరుకుంటున్నానో లేదో, సుజాత పడింది. పాపకి అంటుతుందని మేడ మీద గదిలో తలుపేసుకుంది. తోడుగా చిన్న వెంకటేశ్వరస్వామి పటం పట్టుకెళ్లింది. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి. ఫోన్లో అడిగితే "బానే ఉన్నానండీ, దగ్గే కాస్త" అనేది. దేవుణ్ణి నమ్మనివాణ్ణి, ఆ మాట మాత్రం ఇట్టే నమ్మేశాను.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నిద్రొస్తోందని, సాయంత్రం టీ వేళకి లేపమని సుజాత ఫోన్లో చెప్పింది. నేను వంటింట్లో ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఉన్నట్టుండి గుప్పున కర్పూరం వాసన.

లీలగా కాదు. కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు. ఎవరో నా ముక్కు కిందే హారతి పళ్లెం పెట్టినట్టుంది. నాకు వాసనే పోయిందన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. ఒళ్లు మండిపోయింది. దగ్గుతో అల్లాడుతూ, కిటికీలు బిగించుకున్న గదిలో కర్పూరం వెలిగిస్తుందా ఈ మనిషి! మీటింగులో ఎవరికీ చెప్పకుండా లేచాను.

మేఘన మెట్ల దగ్గర బొమ్మలేసుకుంటోంది. "చూడు, మీ అమ్మ మళ్లీ మొదలెట్టింది. ఎంత వాసనో!" అన్నాను.

"ఐ కాంట్ స్మెల్ ఎనీథింగ్, డాడీ," అంది తలెత్తకుండా.

మాస్కు కూడా మరిచిపోయి పైకెళ్లి తలుపు తోశాను. "ఏంటిది సుజాతా, బుద్ధుందా అసలు నీకు?"

గదిలో పొగ లేదు. గుమ్మం దాటగానే వాసన కూడా ఠక్కున తెగిపోయింది. సుజాత గోడకి ఆనుకుని కూర్చుంది. నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి పెదవులు. గోళ్లదీ అదే రంగు.

"కర్పూరం... ఎక్కడిదండీ, ఎప్పుడో అయిపోతేనూ," అంది మాట మాటకీ ఆగుతూ. "బానే ఉన్నా. పడుకోనివ్వండి."

అక్కడికక్కడే అంబులెన్సుకి ఫోన్ చేశాను. వచ్చినవాళ్లు ఆవిడ వేలికి క్లిప్పు పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, గబగబా ఆక్సిజన్ తగిలించారు. నన్ను వెంట రానివ్వలేదు. హాస్పిటల్లోకి ఎవరినీ రానివ్వని రోజులవి. పాపని పట్టుకుని గుమ్మంలోనే భోరున ఏడ్చాను. నోరా గారు తన గేటు దగ్గర నిలబడి "షి విల్ బి గ్రాండ్" అన్నారు, బాగైపోతుందని ఇక్కడివాళ్ల మాట. సుజాత కోసం కిటికీలో కొవ్వొత్తి వెలిగిస్తానన్నారు. "గాడ్ ఈజ్ గుడ్" అన్నారు. ఇంకో రోజైతే వాదన పెట్టుకునేవాణ్ణి. ఆ పూట తలూపాను.

లోపలికొచ్చి ప్రెస్ తీసి చూశాను. కర్పూరం డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ఆంక్ష. ఇండియన్ కొట్టేమో ఎక్కడో దూరాన లిమరిక్‌లో. ఇంట్లో కర్పూరం బిళ్ల ఒక్కటి కూడా లేదు.

హాస్పిటల్లో డాక్టరు మన కర్నూలాయనే. ఫోన్లో తెలుగు వినేసరికి ప్రాణం లేచొచ్చింది. "ఆక్సిజన్ పడిపోయినా కొందరికి ఆయాసం తెలీదు సార్, నిద్రొస్తాందంటారు," అన్నాడు. "పోనీలే పడుకుంటుందని వదిలేసింటే, సాయంత్రం లేపినా లేచేది కాదేమో."

వాసన సంగతి ఆయనకి చెప్పాను. ఈ జబ్బులో లేని వాసనలు తగలడం ఉందట. మాడు వాసన, కుళ్లు వాసన వస్తుందని కొందరు చెప్పారట. ఒప్పుకున్నాను. నాక్కావాల్సిందీ అలాంటి జవాబే. కానీ అంతకుముందు రాలేదు, తర్వాత రాలేదు. వచ్చిన ఆ ఒక్కసారీ కర్పూరమే ఎందుకు రావాలి? మల్లెపూల వాసనో, సాంబారు వాసనో వస్తే కుర్చీలోంచి కదిలేవాణ్ణే కాదు. తిట్టడానికి నన్ను మేడెక్కించే వాసన లోకంలో అదొక్కటే.

సుజాత తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొచ్చింది. ఆంక్షలు సడలించగానే నేనే లిమరిక్ వెళ్లి కర్పూరం తెచ్చాను. నా సంగతి తెలిసిన కొట్టాయన "సూర్యుడు పడమట పొడిచాడా ఏంటి సార్ ఇవాళ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

శుక్రవారం సాయంత్రం సుజాత హారతి వెలిగించింది. "సో స్ట్రాంగ్, డాడీ!" అంటూ మేఘన ముక్కు మూసుకుంది. అలవాటు ప్రకారం సుజాత పళ్లెం నన్ను దాటించి తీసుకెళ్లబోయింది. ఆపాను. వంగి గట్టిగా పీల్చాను.

ఏమీ లేదు. కళ్లెదుట మండుతున్న కర్పూరం వాసన నా ముక్కుకి అందనే లేదు.

"ఏమైందండీ?" అంది సుజాత.

"ఏం లేదులే" అని రెండు చేతులూ చాచి హారతి కళ్లకద్దుకున్నాను. అప్పుడే హాల్లో అలారం అందుకుంది. ఆపడానికి తను కంగారుగా కదిలితే "మోగనీలే" అన్నాను.

దేవుడున్నాడా అంటే ఇప్పటికీ తెలియదనే చెబుతాను. ఆ మధ్యాహ్నం కర్పూరం వెలిగించిందెవరో కూడా తెలియదు. ఎవరైతేనేం, నా సుజాత నాకు దక్కింది. వాళ్లకి ఈ జన్మంతా ఋణపడి ఉంటాను.