పురుగులు అడిగిన దారం

అబద్ధం నా నోట్లో ఊరికే పుట్టదు. ముందు ఒక నిజం దొరకాలి, దాని భుజమెక్కి కూర్చుంటుంది. ఆ రోజు ఆ నిజాన్ని కడపలో డాక్టరు అందించాడు.

మా అక్క ముప్పై ఏళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసింది. షుగరు మనిషి. కాలితో తొక్కే చెక్క ఒరుసుకుని అరికాలు పుండైనా నొప్పి తెలియలేదు. మానకపోతే పాదం తీసేయాలన్నాడు డాక్టరు. పుండు కడిగి, ఉల్లిపొరలాంటి పలుచని పొర పరిచాడు. పట్టుదారంలోని ప్రొటీన్‌తో చేసిందట.

“ఇది పందిరమ్మా. దీన్ని పట్టుకుని కొత్త కండ పాకుతుంది. తర్వాత పందిరి దానంతటదే కరిగిపోతుంది.”

మైదుకూరు బస్సెక్కాక నా నాలుక ఊరుకోలేదు.

“అక్కా, దారం తెగకూడదని పురుగుల్ని గూట్లోనే ఉడకబెడతారు గదా. నువ్వు నేసిన చీరల పురుగులన్నీ ఇప్పుడు నీ కాలికాడికి వస్తాయి, మా దారం మాకియ్యమని. ఆ పొర కరిగిందంటే అవి ఎత్తుకపోయినట్టే!”

“నీ నోట్లో మన్నుబడ!” అని అక్క పడీపడీ నవ్వింది. ముందు సీటాయనా నవ్వాడు.

రెండో కట్టు విప్పిన నాడు పొర సగమే మిగిలింది. డాక్టరు సంతోషించాడు. అక్క ముఖం పాలిపోయింది. ఇంటికొచ్చాక కాలి మీదికి వంగి చెవి ఒగ్గింది.

“అబ్బీ, ఆకు మేస్తాండాయి. విను.”

పట్టుపురుగులు ఆకు మేస్తే సన్నని వాన పడుతున్నట్టుంటుంది. బయట చూస్తే మండే ఎండ. నేనూ విన్నాను. ఏమీ లేదు. ఏమీ లేదనే అనుకున్నాను.

మూడో కట్టుకు రానంది.

“వాటిది అవి తీసుకోనీ. నేను శానా పాపం చేసినా.”

“అది నేను కల్పించిందక్కా. ఒట్టు!”

“పుట్టినంక నువ్వు చెప్పిన నిజం అదొక్కటే. దాన్నీ అబద్ధమంటాండావు.”

రెండు రోజులు బతిమాలాను. నా నోట నిజం ఎంత పేలవంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. కట్టు మార్చాల్సిన రోజు దాటిపోతోంది. చివరికి కట్టుకు చెవి ఆనించి, వింటున్నట్టు తలాడించాను.

“దారం నీకే వదిలేస్తాండాయంట. ఇంక మీద నువ్వు పట్టు ముట్టకుంటే సాలంట.”

“ఒట్టేనా?”

“ఒట్టు.”

ఈ ఒట్టును నమ్మింది. ఆ పూటే బస్సెక్కింది.

కాలు దక్కింది. డాక్టరు చెప్పిన మెత్తని చెప్పు తొడుక్కుని, ఇప్పుడు నూలు చీరలు నేస్తోంది. పట్టు మగ్గం మీద పెళ్లిచీర ఒకటి సగంలో నిలిచిపోయింది. మొన్న నన్ను ఆ గదిలోకి పిలిచింది.

“ఈ ఒక్కటీ ముగించుకుంటే ఏమంటాయో అడుగబ్బీ.”

అవి సరేనంటాయని చెప్పడం నాకెంతసేపు? కానీ రేపు ఆ కాలికి చిన్న గీటు పడితే? పురుగులు మళ్లీ వచ్చాయని కట్టే వద్దంటుంది. అక్క నా జవాబు కోసం చూస్తూ, చీరకు బెత్తెడు ఎత్తున, తగలకుండా, ఉత్త గాలిని నిమురుతోంది.