ప్రశ్న కోసం షామీర్‌పేట దాకా

మా ప్రయాణం ఒక కోపంతో మొదలైంది. కోపం నాది కాదు, రజితది. చెరువు చేపలకు వచ్చే పుండ్ల జబ్బు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి రజిత. పుట్టినప్పటి నుంచీ వినబడదు. తన వాళ్ళతో సైగల్లో, నాలాంటి వాళ్ళతో ఫోన్‌లో టైపు చేసి మాట్లాడుతుంది. నేనేమో మొక్కల తెగుళ్ళ మనిషిని. హైదరాబాద్ చుట్టుపక్కల ల్యాబుల్లో సూక్ష్మజీవుల మీద పనిచేసే వాళ్ళం ఒక చిన్న సంఘం పెట్టుకుని ఏడాదికోసారి కలుస్తాం. అందులో అందరికీ చోటు దొరికేలా చూసే బాధ్యతను నా నెత్తిన పెట్టారు. మీకు ఓపిక ఎక్కువ అన్నారు. ఆ మాట విని మా ఇంట్లో వాళ్ళు చాలాసేపు నవ్వారు.

పోయినేడాది రజిత తన పనిని తెర మీద అక్షరాలతో చూపించింది. అయిపోగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. మా లోకంలో ప్రసంగం ముగిశాకే అసలు సంగతి మొదలవుతుంది. నలుగురు మీద పడి లెక్కలు అడుగుతారు, తప్పులు పడతారు. ప్రశ్న రాలేదంటే ఆ పనిని ఎవరూ పట్టించుకోలేదనే అర్థం. ఆ సాయంత్రం రజిత ఫోన్‌లో టైపు చేసి నా ముందు పెట్టింది: "వాళ్ళు నా పని చూడలేదు మేడం. నన్ను చూసి జాలిపడి వెళ్ళారు. వచ్చేసారీ ఇంతే అయితే ఈ పని మానేసి మా ఊళ్ళో ఆఫీసు ఉద్యోగం చూసుకుంటా." పోనీ ముందే ఎవరికైనా ఒక ప్రశ్న అప్పజెప్పనా అని అడిగాను. "అది చప్పట్ల కన్నా అన్యాయం" అని రాసింది.

ఈ ఏడు సమావేశం షామీర్‌పేట దగ్గర ఒక పరిశోధన సంస్థలో. కారులో వెళ్ళొచ్చు గానీ, అందర్నీ రమ్మని పిలిచే మనిషికి అక్కడికి ఎలా చేరాలో తెలియకపోతే ఏం బాగుంటుంది? అందుకే బస్సులోనే బయలుదేరాను. సికింద్రాబాద్‌లో ఆరున్నరకు మేడ్చల్ బస్సు ఎక్కాను. తెలంగాణ ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్ చేతిలో పెడతారు. కొంపల్లిలో హాస్టల్ దగ్గర రజిత ఎక్కింది. ఇస్త్రీ చీర, భుజాన లాప్‌టాప్, ముఖంలో ఏ భావమూ లేదు. ఆ వేళకే అక్కడ కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. మేడ్చల్ చేరేసరికి ఎనిమిది కావస్తోంది.

మేడ్చల్లో దిగడానికి కారణం ఎస్తేరు. సైన్సు ప్రసంగంలో సైగలను మాటల్లోకీ, మాటలను సైగల్లోకీ మార్చి చెప్పే మనిషి కోసం నేను నగరమంతా అడిగాను. మాటలు కష్టంగా ఉంటాయని అందరూ తప్పుకున్నారు. చివరికి ఎవరో, మేడ్చల్లో ఒక చర్చిలో ఆదివారం వాక్యాన్ని సైగల్లో కూడా చెబుతారని చెప్పారు. చెప్పేది ఎస్తేరే. ఆమె తల్లిదండ్రులిద్దరికీ వినబడదు, సైగలు ఆమెకు ఉగ్గుపాలతోనే వచ్చాయి. మిగతా రోజుల్లో జీడిమెట్లలో మందుల ప్యాకింగ్ పని. బస్టాండులో మా కోసం నిలబడి ఉంది, చేతిలో టిఫిన్ డబ్బా, తలలో మల్లెపూలు.

"ఇయ్యాల సెలవు వెట్టిన మేడం. రాత్రంత నిద్ర లేదు. గీ సూక్ష్మజీవి అన్న మాట మా చర్చిల ఎన్నడు రాలె" అంది.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు ఆటో మాట్లాడుకున్నాం. నాలుగు వందలు అడిగాడు, మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు. ఎక్కాక తెలిసింది చిక్కు. ముగ్గురం వరుసగా కూర్చుంటే ఒకరి చేతులు ఒకరికి కనబడవు. పక్కపక్కనే ఉండి కూడా వాళ్ళిద్దరికీ మాట లేదు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి డ్రైవర్ తన సీటు వెనక ఒక చెక్క పట్టె బిగించుకున్నాడు. ఎస్తేరు చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ పట్టె మీద మాకు ఎదురుగా కూర్చుంది. అక్కడి నుంచి దారంతా చేతులు ఆగలేదు. డ్రైవర్ అద్దంలో చూస్తూ, "గా పిల్ల మాట్లాడదా అక్కా?" అన్నాడు.

"ఎందుకు మాట్లాడదు? పొద్దటి సంది నా చెవులు తింటాంది. నీకు సమజ్ గాదు, గంతే" అంది ఎస్తేరు. డ్రైవర్ నవ్వి చూపు రోడ్డు మీదికి తిప్పాడు.

సూక్ష్మజీవికి ఇద్దరూ కలిసి ఒక సైగ కల్పించుకున్నారు, రెండు వేళ్ళు చిటికెలా దగ్గరపెట్టి కంటి ముందు ఆడించడం. ఆధారం అనే మాటకు ఎస్తేరు చర్చిలో సాక్ష్యానికి వాడే సైగ చూపించింది. రజిత కాసేపు ఆలోచించి సరేనంది. ఒక్కచోట మాత్రం వాదన వచ్చింది. ఎవరేమన్నా మెత్తబరచకుండా ఉన్నదున్నట్టు చెప్పాలని రజిత పట్టుబట్టింది. ఎస్తేరు నా వైపు తిరిగింది. "గట్లెట్ల మేడం? ఎవలన్న కటువుగ అంటె నా చేతులు రావు. నేను ఇన్నేండ్ల సంది ఓదార్చే మాటలే చెప్పిన."

రజిత మళ్ళీ అదే సైగ చేసింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. "సరే బిడ్డా" అని ఎస్తేరు తలూపింది గానీ, ఆమెకు ఇష్టం లేదని నాకు అర్థమైంది.

షామీర్‌పేట చెరువు దగ్గర అరగంట ఆగాం. రోడ్డు పక్కన ఒకావిడ అప్పుడే పొయ్యి వెలిగించి చేపలకు మసాలా పట్టిస్తోంది. ఇడ్లీ కూడా ఉంది, ప్లేటు ముప్పై రూపాయలు. రజిత ఇడ్లీ మాట మరిచిపోయి చేపల్ని ఒక్కొక్కటే తిరగేసి చూడటం మొదలుపెట్టింది.

"ఏంది బిడ్డా గట్ల జూస్తున్నవ్? పొద్దుగాల పట్టినయే. ఒక్క మచ్చ సూపెట్టు జూద్దాం" అంది ఆవిడ గరిటె పట్టుకుని.

ఎస్తేరు సంగతి చెప్పి, "మస్తుగున్నయ్ అంటాంది అమ్మా, ఆమెకు చేపల చదువు" అంది. ఆవిడ శాంతించి, చిన్న ముక్క ఒకటి వేయించి రజిత చేతిలో పెట్టింది. ఆ రోజు రజిత మొదటిసారి నవ్వింది అక్కడే. నేను మాత్రం ఇడ్లీ ప్లేటు సగంలోనే పక్కన పెట్టేశాను. ఈ పిల్ల మాకు దక్కుతుందా లేదా అనే బెంగ పొద్దుటి నుంచీ నన్ను పీడిస్తూనే ఉంది.

పది గంటలకు హాల్లో ఉన్నాం. బస్సులో వచ్చేవారు రాజీవ్ రహదారి మీద దిగి లోపలికి నడవాలంటే ఎండలో దూరమే, సంస్థ గేటు దాకా ఆటో పోనివ్వడం మంచిది. ఈసారి నేను ఒక కొత్త పద్ధతి పెట్టాను. ప్రతి ప్రసంగం తర్వాతా ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, ఆ తర్వాతే ప్రశ్నలు. పోయినేడాది రజితకు చప్పట్లు ఆగీ ఆగకముందే "ప్రశ్నల్లేవు కదా, ధన్యవాదాలు" అనేశారు. ఇప్పుడు అందరికీ ఒకే నిమిషం, ఒకే నిశ్శబ్దం. విశ్వనాథం గారు దీన్ని ధ్యాన తరగతి అని వెక్కిరించారు. ఆయన రిటైరైన ప్రొఫెసర్, ఆయన లేచి నిలబడితే కుర్రవాళ్ళకు చెమటలు పడతాయి.

రజిత వంతు వచ్చింది. చలికాలంలో నీళ్ళు చల్లబడటం వల్లే చెరువు చేపలకు పుండ్లు వస్తున్నాయని తన వాదన. చేతులతో చెప్పింది, ఎస్తేరు గొంతు ఇచ్చింది. మొదట్లో మాటలు తడబడ్డాయి, తర్వాత కుదురుకున్నాయి. ప్రసంగం అయింది. నిమిషం మొదలైంది. నేను గడియారం చూడటం మానేసి రజిత ముఖం చూస్తున్నాను. నిమిషం అయిపోయింది. ఎవరూ లేవలేదు. నేనే అడిగేద్దామని సగం లేచాను. రజిత నా వైపు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు వెనక వరుసలో కుర్చీ చప్పుడైంది. విశ్వనాథం గారు లేచారు. "ఏమ్మా, ఆ అమ్మాయిని అడుగు..." అని ఎస్తేరుతో మొదలుపెట్టారు. ఎస్తేరు తల అడ్డంగా ఊపి, చెయ్యి చాచి రజితను చూపించింది. ఆయన ఒక్క క్షణం ఆగి రజిత వైపు తిరిగారు. "మీ నిర్ధారణను నేను ఒప్పుకోను" అన్నారు.

ఎస్తేరు చేతులు గాలిలో ఆగిపోయాయి. నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

రజిత ముఖం విప్పారింది.

"చలికాలంలోనే మీ చెరువుల్లో వలలు ఎక్కువగా వేస్తారు. వల రాపిడికి చర్మం గీరుకుపోతుంది. పుండు చలి వల్ల వచ్చిందో, వల వల్ల వచ్చిందో మీకెలా తెలుసు?" అన్నారాయన. వల వేయని చెరువు ఒకటి చూశానని రజిత చెప్పింది. అక్కడా పుండ్లున్నాయి, కానీ తక్కువ. ఎంత తక్కువో చెప్పడానికి సరిపడా చేపలు చూడలేదని కూడా దాచకుండా చెప్పింది. "అయితే మీ పని సగమే అయింది" అన్నారాయన. "మిగతా సగం ఎట్ల జెయ్యాల్నో మీరే చెప్పుండ్రి అంటాంది సార్" అంది ఎస్తేరు, ఈసారి ఏ జంకూ లేకుండా. ఆయన వెంట మరో ముగ్గురు చేతులెత్తారు. భోజనాల దగ్గర కూడా వాదన ఆగలేదు. పప్పు చల్లారిపోయింది, విశ్వనాథం గారు కాగితపు ప్లేటు వెనక చెరువు బొమ్మ గీస్తున్నారు. నేను పక్కకు వెళ్ళి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

సాయంత్రం దేవరయాంజాల్ మీదుగా కొంపల్లి వచ్చాం. ఆటోలో ఎస్తేరు, "గా సారు గట్టిగనే అన్నడు గని మేడం, ఆమె మొఖం జూసి అన్నడు" అంది. రజిత ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో ఉద్యోగం ఊసు లేదు. "వల వేయని చెరువులు ఇంకో మూడు కావాలి. వెతకడానికి మీరు తోడొస్తారా?" అని ఉంది.

ఎవరినైనా మనలో కలుపుకోవడమంటే వాళ్ళకు కుర్చీ వేసి చప్పట్లు కొట్టడమని నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను. వాళ్ళ మాటను కాదనేంతగా వాళ్ళ పనిని పట్టించుకోవాలని ఆ రోజు చూశాను. మెచ్చుకోలు రజితను మా నుంచి దూరం చేయబోయింది, ఒక పెడసరం ప్రశ్న ఆమెను నిలబెట్టింది. ఇక ఈ దారిలో వెళ్ళేవారికి ఒక్క మాట. మీతో సైగల్లో మాట్లాడే మనిషి ఉంటే, మేడ్చల్లో ఆటో మాట్లాడేటప్పుడు ధర కన్నా ముందు డ్రైవర్ సీటు వెనక చెక్క పట్టె ఉందేమో చూసుకోండి. ఒకరు ఎదురుగా కూర్చుంటేనే మాట సాగుతుంది.