పేరు పూర్తయ్యేదాకా

మా అమ్మాయికి అయిదేళ్లు నిండిన ఏడాది మేం గచ్చిబౌలి వచ్చాం. డెబ్భైల మధ్యకాలం అది. అక్కడ కొత్తగా యూనివర్సిటీ భవనాలు కడుతున్నారు. మావారు ఆ పనిలో ఓవర్సీరు. పొద్దున్నే లారీ వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోయేది. మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. ఊరి చివర రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. గుమ్మంలో నిలబడితే బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య మేకలు నడిచిన దారి. మనిషి కనపడాలంటే బావి దగ్గరికి వెళ్లాలి.

అక్కడికి వెళ్లడం మా ఇద్దరికీ కష్టమే. నేను కృష్ణా జిల్లా దాన్ని. "కాస్త చేద ఇస్తారాండీ" అంటే ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు. అందులో చెడ్డ ఉద్దేశం లేదు. కొత్త యాస విన్నారు, నవ్వొచ్చింది, అంతే. అయినా నేను మాటలు తగ్గించేశాను. నీళ్లు తోడుకుని వచ్చేసేదాన్ని.

మా అమ్మాయికి నత్తి. తన పేరు 'ప'తో మొదలవుతుంది. పిల్లలు "నీ పేరేందే?" అని అడిగితే మొదటి అక్షరం దగ్గరే పెదాలు అతుక్కుపోయేవి. మెడ బిగుసుకుపోయేది. కళ్లు గట్టిగా మూసుకునేది. పిల్లలు "ప్... ప్... ప్..." అంటూ చుట్టూ గెంతేవారు. కొద్దిరోజులకే తను బావి దగ్గరికి రావడం మానేసింది. తర్వాత ఇంట్లో కూడా సైగలే. దాహమైతే గ్లాసు చూపించేది. ఆకలైతే కంచం తెచ్చి నా ముందు పెట్టేది. పగలంతా ఆ ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్లం. గోడ మీద బల్లి అరిచినా ఉలిక్కిపడేంత నిశ్శబ్దంగా ఉండేది.

మా ఊళ్లో ఉన్నప్పుడు అత్తగారు వసకొమ్ము తేనెలో అరగదీసి రోజూ దాని నాలుకకు రాసేవారు. ఆ ఘాటుకి ఏడ్చేదే తప్ప మాట సాఫీ కాలేదు. ఇక్కడికొచ్చాక పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరుగారు నాలుక ఎత్తించి చూశారు.

"నాలుకలో లోపమేం లేదమ్మా. తొందరపెట్టకండి. ఆగిపోయిన మాటను మీరు అందుకోకండి" అన్నారు.

బయటికొచ్చాక మావారు, "ఇంతదూరం వస్తే ఒక్క మందూ రాయలేదేమిటే" అని నిరాశపడ్డారు.

నేను తొందరపెట్టడం లేదనే అనుకునేదాన్ని. ఒకరోజు దానికి జడ వేస్తున్నాను. ఎదురుగా గోడకి అద్దం. అది ఏదో చెప్పబోయి ఆగింది. అద్దంలో చూద్దును కదా, నా పెదాలు కదులుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. దాని చూపు అద్దంలో నా నోటి మీదే ఉంది. నా నోట్లో మాట తయారుగా ఉందని దానికి తెలుసు. తను నోరు విప్పకపోయినా పని నడిచిపోతుందనీ తెలుసు.

ఆ రోజునుంచి పెదాలు కదపకుండా, ఊపిరి మామూలుగా తీసుకుంటూ కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. చెప్పినంత సులువు కాదు. కన్నబిడ్డ గిలగిల్లాడుతుంటే చేతులు ముడుచుకు కూర్చోవడమది.

మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ చేట వైపే చూస్తూ నాలో నేను మాట్లాడుకున్నట్టు మాట్లాడేదాన్ని. ఎదురుగా బండ మీద ఒక తొండ ఎప్పుడూ తల ఊపుతూ ఉండేది. "తొండ బండెక్కింది. తల ఊపింది. ఎవరిని పిలుస్తోందో" అన్నాను ఒకసారి. మర్నాడు మళ్లీ అదే మాట అంటుంటే పక్కనుంచి మా అమ్మాయి గొంతు నా గొంతుతో కలిసింది. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు! నేను తల తిప్పలేదు. తిప్పితే ఆ గొంతు ఎగిరిపోతుందని భయం. కలిసి చెప్పుకుంటే దానికి నత్తి రాదని అప్పుడు తెలిసింది. రోజూ ఆ తొండకి ఒక కథ అల్లేవాళ్లం. మధ్యలో నేను మెల్లిగా గొంతు తగ్గించేదాన్ని. పిల్ల కాస్తదూరం ఒంటరిగా చెప్పుకుంటూ వెళ్లేది, తడబడేది, మళ్లీ నేను కలిసేదాన్ని. మాటలు తిరిగి వచ్చాయి. నత్తితోనే వచ్చాయి. కానీ వచ్చాయి.

బడిలో వేసే ముందురోజు సాయంత్రం మావారు అన్నారు: "వేరే పేరు రాయిద్దామే. 'అ'తో మొదలయ్యేది ఏదైనా. తేలిగ్గా పలుకుతుంది."

"అది తన పేరు కదండీ."

"అందుకే చెప్తున్నా. జన్మంతా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా అది అలా..." ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. గడప మీద కూర్చున్న పిల్ల మా మాటలన్నీ విన్నది.

బడి ఒక్క గది. హెడ్మాస్టరు పెద్దాయన, నార్సింగి నుంచి సైకిల్ మీద వచ్చేవారు. దాన్ని దగ్గరికి పిలిచి, "నీ పేరేంది బిడ్డా?" అన్నారు.

మావారు నోరు తెరిచారు. ఆయన ఇంకా ఏమీ అనకముందే పిల్ల తండ్రి చేతిని వదిలేసి ఒక అడుగు ముందుకు వేసింది. పెదాలు బిగుసుకున్నాయి. 'ప' రాలేదు. వెనక పిల్లల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. మెడ బిగిసింది. కానీ ఈసారి కళ్లు మూసుకోలేదు.

హెడ్మాస్టరుకి జాలేసింది. "ఫికర్ లేదు బిడ్డా, మీ నాయిన చెప్తడు తీ" అన్నారు.

"ఒక్క నిమిషం ఉండండి మాస్టారూ. తను చెప్తుంది" అన్నాను. ఆ ఊళ్లోకి వచ్చాక నలుగురిలో నేను గొంతెత్తి మాట్లాడింది అప్పుడే.

ఆయన కలం పట్టుకుని ఆగారు. 'ప' వచ్చింది. ముక్కలై, మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది. చివరికి పేరంతా వచ్చింది. ఇంటిపేరు అడగలేదు, అదీ చెప్పింది. హెడ్మాస్టరు "శాబాష్" అని రాసుకున్నారు. మావారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత పేరు మార్చే మాట ఎత్తలేదు.

ఆయన అటునుంచటే పనికి వెళ్లిపోయారు. నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. ఆ పగలు ఎంత పొడుగో చెప్పలేను. దాని ముఖం ఎదురుగా లేకపోతే నా చూపు ఎక్కడ నిలపాలో తెలియలేదు. సాయంత్రం అది వచ్చి పుస్తకాల సంచి మూల పడేసి, "ఏం... ఏంది అమ్మా, గిట్ల కూ... కూసున్నవ్?" అంది. ఒక్కరోజులో ఆ ఊరి యాస పట్టుకుంది. నవ్వాను. నత్తితోనే అయినా అది ఆ ఊరి పిల్ల అయిపోయింది. నేను ఇంకా కాలేదు.

నత్తి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. తగ్గింది, పెరిగింది, మళ్లీ తగ్గింది. దానికి స్నేహితులు దొరికారు. వెక్కిరించేవాళ్లూ ఉన్నారు, ఒకరిద్దర్ని కొట్టి వచ్చింది కూడా.

నేను మాత్రం చాలాకాలం మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేదాన్ని, నిద్ర రాకపోయినా. ఒకరోజు బావి దగ్గర ఉండే మా ఇంటి యజమానురాలు, ముసలామె, వచ్చి తలుపు తట్టింది.

"ఒక్కదానివే ఏం జేస్తవ్ బిడ్డా లోపల? జర బయటికి రా, కూసో" అంది.

వెళ్లి ఆమె అరుగు మీద కూర్చున్నాను. ఆమె మాట్లాడమని తొందరపెట్టలేదు. చింతకాయలు కొడుతూ, నన్నూ కొట్టమన్నట్టు ఒక పిడికెడు నా వైపు తోసింది.