వాయిదా రోజు నీళ్లు తాగరాదు

మా మేనమామ జమ్మలమడుగు కోర్టుకు వాయిదాకు వచ్చే రోజు తెల్లారినప్పటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. ఆయనే కాదు, ఆయన జీపులో వచ్చేవాళ్లెవరూ ముట్టరు. అదేదో నోము అనుకునేరు. సింహాద్రిపురం దగ్గర మా ఊరి నుంచి బయలుదేరితే, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరేదాకా జీపు చక్రం ఆగకూడదన్నది మా పార్టీ నియమం. మా వైపు పార్టీ అంటే జెండా తర్వాతి సంగతి. ముందు అది ఊళ్లో సగం. ఎదుటి పార్టీ అంటే మిగతా సగం. ఎన్నికలకొకసారి జెండాలు మారేవి, సగాలు మారేవి కావు.

ఆ నియమం ఎందుకు పుట్టిందో మామ ఒకసారి చెప్పాడు. "నీళ్లు తాగితే యాడన్నా బండి నిలపాల. నిలిపితే దిగాల. మా చిన్నాయన కొడుకు అట్లే దిగినాడు అల్లుడా. మళ్ల ఎక్కల్యా."

కోర్టులోనూ అదే పద్ధతి. మరుగుదొడ్డి ఆవరణ వెనక మూలన ఉండేది. దాని దారిలో వేపచెట్టు కింద ఎదుటి పార్టీ వాళ్లు కూర్చునేవాళ్లు. వాళ్లూ నీళ్లు తాగకుండానే వస్తారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎండాకాలంలో ఊరు ఊరంతా పగిలిన పెదవులతో ఒకరినొకరు చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేది.

నేను జమ్మలమడుగులో హైస్కూలు సైన్సు ఐవారిని. వాయిదా రోజు మామకు ఇంటి నుంచి అన్నం క్యారియరు మోసుకుపోయేవాణ్ణి. అంత పేరున్న కుటుంబంలో పుట్టి సుద్దముక్క తప్ప మరో ఆయుధం పట్టలేదు. ఆయన మనుషుల మధ్య కాసేపు నిలబడితే చాలు, నాకు ఊరికే ఒంటికి వచ్చేది. మామది ఆపుకునే అలవాటు, నాది ఆగని జబ్బు. ఒకే కుటుంబంలో అక్కడ కూడా రెండు పార్టీలే.

యాభై దాటాక మామకు అసలు కష్టం మొదలైంది. ఒంటికి పోవడమంటే ఒంటరిగా పోవాల్సిన పని. మామకు ఆ భాగ్యం లేదు. పెరట్లో ఆయన గోడవైపు తిరిగి నిలబడితే, ఆయనకు వీపులు పెట్టి మనుషులు చుట్టూ కాపలా నిలబడేవాళ్లు. వాళ్లు బీడీ ముట్టించి, తాగి, పారేసి, వానల గురించి మాట్లాడుకున్నా ఆయన గోడ దగ్గరే ఉండేవాడు. మొదట ఇది సిగ్గే అనుకున్నాడట. ఒక మధ్యాహ్నం నేను ఊరికి పోయినప్పుడు వాళ్లను దూడల కొట్టం అవతలికి పంపించి, గొంతు తగ్గించి నాతో చెప్పాడు.

"వస్తాండాదనిపిస్తాది, రాదు. వచ్చినా ధార ల్యా, చుక్కలే. అయిపాయలే అని పంచె సర్దుకుంటే మళ్లా మొదలు. ఏందప్పా ఇది?"

తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు కిసుక్కుమంటే వాళ్లకంటే ముందు నేనే ఎర్రబడేవాణ్ణి. ఆ రోజు మాత్రం పుల్లతో పెరటి మట్టిలో బొమ్మ గీసి చెప్పాను. నడుము పైన, వెన్నుకు ఆ పక్కా ఈ పక్కా రెండు మూత్రపిండాలు. ఒంట్లో తిరిగే రక్తమంతా వాటిలో నుంచి పోవాల్సిందే. అవి పనికొచ్చేది ఒంటికి తిరిగి ఇచ్చి, మలినాన్నీ మిగులు నీటినీ వడకట్టి రెండు సన్నని గొట్టాల్లో కిందికి వదులుతాయి. కింద ఒక సంచి. అది కండతో చేసిన సంచి, నిండేకొద్దీ సాగుతుంది, ఇక చాలని మెదడుకు కబురు పెడుతుంది. మెదడు సరేనంటే సంచి బిగుసుకుంటుంది, వాకిలి తెరుచుకుంటుంది. మగవాడికి ఆ వాకిలి చుట్టూ ప్రోస్టేట్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. వయసు మీదపడితే అది పెరిగి దారిని నొక్కుతుంది. సంచి ఎంత ముక్కినా పూర్తిగా ఖాళీ కాదు. నిల్వ ఉన్న నీళ్లు చెడతాయి. అవి అక్కడ పట్టకపోతే, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని మూత్రపిండాలనే ఉబ్బిస్తుంది.

మామ బొమ్మలో ఆ గ్రంథి మీద వేలు పెట్టాడు. "అంటే బయటోడు గాదు. మనోడే బలిసి మన గొంతు పట్టుకున్న్యాడు."

"అంతే మామా."

"వానితో రాజీ కుదర్దా?"

మాత్రలతో కొంత కుదరొచ్చు, కోతతో తేలిపోతుందని చెప్పాను. పెళ్లిబట్టలు కొనడానికని అందరికీ చెప్పి, అత్తను కూడా ఎక్కించుకుని ప్రొద్దుటూరు పోయాం. డాక్టరు స్కాన్ తీయించాడు. ఒంటికి పోయివచ్చిన తర్వాత కూడా మామ సంచి నిండుకుండలాగే ఉంది. రెండు మూత్రపిండాలూ ఉబ్బి ఉన్నాయి గానీ ఇంకా పని చేస్తున్నాయి. ఇప్పుడు చేయిస్తే అవి దక్కుతాయన్నాడు డాక్టరు. ముందు పైపు వేసి సంచి ఖాళీ చేయాలి, తర్వాత ఆపరేషను, కొన్నాళ్లు ఆస్పత్రిలో పడక. అన్నిటికంటే ముందు, నీళ్లు కడుపునిండా తాగాలి.

"పైపేసినోడు పరిగెత్తగలడా సార్?" అని అడిగాడు మామ.

డాక్టరు నవ్వాడు. అత్తా నేనూ నవ్వలేదు. ఆ ఆస్పత్రి వీధిలోనే ఎదుటి పార్టీ పెద్దాయన వియ్యంకుల ఇల్లు.

మామ మాత్రలు మాత్రం తీసుకుని, రాజీ అయినాక వచ్చి పడుకుంటానన్నాడు. ఎన్నికల లోపల రెండు సగాలనూ ఒకే పార్టీలోకి తెస్తారని పులివెందులలో మాట నడుస్తోంది అప్పుడు. మాత్రలు కొంచెం పనిచేశాయి. కొంపముంచింది ఆ కొంచెమే. చుక్కలు ధార అయ్యేసరికి జబ్బు తగ్గిందనుకున్నాడు. వాయిదా రోజుల్లో నీళ్లతో పాటు మాత్ర కూడా మానేసేవాడు, మింగడానికి నీళ్లు కావాలి కాబట్టి. నేను క్యారియరుతో పాటు నీళ్ల సీసా పట్టుకుపోయేవాణ్ణి. అది పోయినంత నిండుగానే ఇంటికి వచ్చేది. కోర్టు వాయిదా పడేది, రాజీ వాయిదా పడేది, ఆపరేషను వాయిదా పడేది. వాయిదా ఎరగనిది లోపలి వాపు ఒక్కటే.

ఎట్టకేలకు రాజీ అయింది. పులివెందులలో ఒక పెద్దమనిషి ఇంటి హాల్లో ఇద్దరికీ ఒకే రంగు కండువాలు వేశారు. మర్నాడే మామ కబురు పెట్టాడు, ప్రొద్దుటూరు పోదామని. అప్పటికే ఆయనకు పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. అన్నం వాసన గిట్టడం లేదు. మొహం పాలిపోయింది.

పైపు వేయగానే మంచం పక్కన వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి నిండసాగింది. బోరులో నీళ్లు పడితే రైతు చూసినట్టు దాన్నే చూస్తూ పడుకున్నాడు మామ. తర్వాత ఆపరేషనూ అయింది. పైపు తీసిన రోజు, ఏళ్ల తర్వాత, ఎవరి కాపలా లేకుండా గది తలుపేసుకుని ఒంటికి పోయి వచ్చాడు. "పారుతాండాది అల్లుడా" అన్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో ఏ ఎన్నిక గెలిచినప్పుడూ చూడలేదు నేను.

రక్తపరీక్ష మాత్రం దిగిరాలేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, దారి బాగుపడింది గానీ మూత్రపిండాలు తిరిగి రావన్నాడు. నీళ్లు పారుతున్నాయి, మలినం లోపలే ఉండిపోతోంది. ఇక కడపలో డయాలసిస్ చేయించుకోవాలి. వారం వారం వాళ్లు చెప్పిన రోజుల్లో, చెప్పిన వేళకు పోయి, చేతికి సూదులు గుచ్చుకుని గంటల తరబడి మిషను పక్కన కదలకుండా పడుకోవాలి. ఇంటికి వచ్చే దారిలో ఇదంతా మామకు చెప్పాను.

"ఒకే రోజు, ఒకే దోవ, ఒకే మంచం" అన్నాడు ఆయన. "మనిషిని చంపేదానికి ఇంతకంటే ఏం కావాలప్పా?"

రాజీ అయింది గదా మామా అన్నాను.

"కండువా మారింది. మనుషులు వాళ్లేగదా."

అయినా కొన్నిసార్లు పోయాడు. తన రోజు కాని రోజున, తన వేళ కాని వేళకు, చుట్టుదారి పట్టి పోయేవాడు. అప్పటికి మిషను మీద ఇంకెవరో ఉండేవాళ్లు. ఆస్పత్రి వాళ్లు కోప్పడేవాళ్లు, బతిమాలేవాళ్లు, రావాల్సిన రోజూ వేళా మళ్లీ చెప్పేవాళ్లు. మామ వెనుదిరిగి వచ్చేవాడు, ఒంట్లో నీళ్లతో, ఆయాసంతో. ఆ దోవలో ఎవరైనా నిజంగా కాచుకున్నారో లేదో నాకు తెలియదు. కాచుకోలేదనే అనుకుంటాను. అలా అనుకున్నప్పుడే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఎండలు ముదరకముందే, ఇనుప రేకు తలుపున్న తన ఇంట్లోనే, నులక మంచం మీద పోయాడు. ఎదుటి పార్టీ పెద్దాయన దండ తెచ్చి వేసి, కాసేపు కూర్చుని పోయాడు. ఆ పెద్దాయన పాదాలూ మామ పాదాల్లాగే వాచి ఉన్నాయి. నా చూపు ముందు అక్కడికే పోయింది.

ఊరి ముసలామె ఒకామె అత్త భుజం మీద చెయ్యేసి ఓదార్చింది. "మంచం మీద పోయినాడమ్మా. ఈ ఇంట్లో మొగోళ్లకు ఎవురికి దక్కింది ఆ బాగ్యం? అదురుష్టమంతుడు." చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవునవునన్నారు. పొద్దుటి నుంచి తల ఎత్తని అత్త తల ఎత్తి, చదువుకున్నవాణ్ణి కదా, నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది.

నేను తల ఊపాను.