గజ్జెల కత్తికి నేను రాసిన సమీక్ష

మెర్సీ సునీత, ఇరవై తొమ్మిదేళ్లు, మధ్యాహ్నం క్యారేజీ విప్పితే ముందు పెరుగన్నం తిని ఆ తర్వాత కూరన్నం తింటుంది. ఇలాంటి పిల్లతో ఎవరికైనా ఏం గొడవ వస్తుంది చెప్పండి! నాకొచ్చింది. ఇప్పటికీ సెల్‌ఫోన్లో ఆమె పేరు కనబడితే చెవులు వేడెక్కుతాయి. ఏం జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఇంకా నవ్వు రావడం లేదు.

మెర్సీ మా మోతీనగర్‌లోనే ఉంటుంది. ఆదివారం చర్చి అయిపోగానే మా ఇంట్లో జరిగే ఆడవాళ్ల చర్చలకి వస్తుంది. నేను ఒక స్త్రీల పత్రికకి వ్యాసాలు రాస్తుంటాను, నన్ను అక్కా అంటుంది. ఊళ్లో ఇంజనీర్లందరూ అమెరికా కంపెనీల బిల్లులు లెక్క కడుతుంటే ఈ పిల్ల ఫిల్మ్ నగర్‌లో కూర్చుని కత్తియుద్ధాలు తయారుచేస్తుంది. వీడియో గేములు! ఆమె చేసిన ఆట పేరు 'గజ్జెల కత్తి'. నాయిక కాళ్లకి గజ్జెలు, చేతిలో కత్తి. దెబ్బ వెనక దెబ్బ, తాళం తప్పకుండా, నాట్యంలా కొట్టుకుంటూ పోవాలి. ఆ వరస దెబ్బల్ని 'కాంబో' అంటారట. అప్పటిదాకా కాంబో అంటే నాకు పిజ్జా కొంటే ఇచ్చే కూల్‌డ్రింకు.

ఆ ఆఫీసు యజమాని యాదగిరి గారు. సినిమా షూటింగులకి జనరేటర్ వ్యాన్లు కిరాయికిచ్చి పైకొచ్చిన మనిషి. ఊరంతా ఐటీ ఐటీ అని ఊగుతుంటే తన బంగళా కింది అంతస్తులో కంప్యూటర్లు దించేశారు. ఆటల గురించి ఆయనకేమీ తెలీదు. నలుగురూ ఏం రాస్తే అదే నిజం. ఆట రెండో భాగానికి మెర్సీని లీడ్‌గా, అంటే జట్టుకి పెద్దగా, ఉంచాలా, పక్క సీటు కిశోర్‌ని పెట్టాలా అన్నది రివ్యూలు చూసి తేలుస్తానన్నారు.

రివ్యూలు వచ్చాయి. ఒక ఇంగ్లీషు పేపరాయన గ్రాఫిక్స్ బాగున్నాయి గానీ హీరో లేని లోటు తెలుస్తోందన్నాడు. ఇంకొకాయన నాయిక కాస్త నవ్వితే బాగుండేదన్నాడు. మీద పడి నరకడానికొస్తున్న మందతో యుద్ధం చేస్తూ నవ్వాలట! వెబ్‌సైట్లో రాసేవాడొకడు ఆడపిల్ల చేసిన ఆట ఇంత కష్టంగా ఉండటమేమిటని వాపోయాడు. ఓడిపోయుంటాడు. అసలు ఆ కొట్టుకునే తీరు గురించి ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు.

"అక్కా, మీ పత్రికలో మీరు రాయండి," అంది మెర్సీ. "మీరైతే చూస్తారు."

నేను చూడ్డానికి బయల్దేరాను. నిజం చెప్పాలంటే ఆటోలోనే సగం వ్యాసం రాసేసుకున్నాను. స్త్రీ దేహం, మార్కెట్, మగచూపు. ఇవి నా పోపులపెట్టెలో ఎప్పుడూ ఉండే దినుసులు. ఏ కూరలోనైనా పడతాయి.

ఫిల్మ్ నగర్‌లో ఆ బంగళా పైన ఏదో సీరియల్ ఎడిటింగు, ఏడుపులు కిందికి వినబడుతున్నాయి. కింద మెర్సీ నా చేతిలో ఆ మీటల డబ్బా పెట్టింది. నేను నొక్కిన మొదటి నొక్కుకే నాయిక గోడకేసి పరిగెత్తి అక్కడే పరిగెడుతూ ఉండిపోయింది.

"నువ్వే ఆడమ్మా, నేను వెనక కూర్చుని చూస్తా," అన్నాను.

మెర్సీ ఆడింది. అబ్బ! ఆ వేళ్లు చూడాలి. కానీ నేను వేళ్లు చూడలేదు. తెర మీద ఒక మూల పెద్ద ఇంగ్లీషు అక్షరం వెలిగింది. డి. నాయిక ఇంకా కొట్టింది. సి. ఇంకా. బి. ఆ తర్వాత ఎ. చివరికి బంగారు రంగులో ఎస్!

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ముందురోజే అమీర్‌పేటలో కొత్తగా పెట్టిన బట్టల షాపుకి లోబట్టల కోసం వెళ్లాను. నా చిన్నప్పుడు బాడీ కావాలంటే నంబరు చెబితే సరిపోయేది. అక్కడి సేల్స్ అమ్మాయి "కప్ సైజ్ ఏంటి మేడమ్?" అంది. నేను తెల్లమొహం వేస్తే పాఠం చెప్పింది. డి పెద్దది, సి అంతకన్నా చిన్నది, తర్వాత బి, ఆ తర్వాత ఎ. నా బుర్రలో ఆ పాఠం ఇంకా పచ్చిగా ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత అన్యాయం! ఆడది పోరాడుతుంటే పక్కన కప్పు సైజు వేస్తారా? అదీ, పోరాడే కొద్దీ తగ్గిస్తూ! చివరికి ఎస్. స్మాల్! పైకి నోరెత్తలేదు. మెర్సీ పక్కనే ఉంది, "ఈ అక్షరాలేంటమ్మా?" అంటే సరిపోయేది. అడగలేదు. మాలాంటి వాళ్లకి అడిగించుకునే అలవాటే గానీ అడిగే అలవాటు లేదు. పాపం, ఈ పిల్ల చేత మగవాళ్లు చేయించిన పని అని నేనే తీర్మానించుకుని, ఆమెని కాపాడ్డానికి ఇంటికొచ్చి పెన్ను తీశాను.

రాశానూ! "పోరాడే స్త్రీ స్త్రీత్వం కోల్పోతుందన్న పాతచింతకాయ భయాన్ని ఈ ఆట కొలతలు వేసి మరీ బోధిస్తుంది" అని రాశాను. "నాయిక విజయం అంచుకు చేరేసరికి ఆమె వక్షం అదృశ్యమవుతుంది" అని కూడా రాశాను. ఆ వాక్యం నచ్చి రెండుసార్లు పైకి చదువుకున్నాను.

పత్రిక బయటికి రాగానే ఒకటే ఫోన్లు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఒకావిడ "నేనూ అదే గమనించాను" అంది. ఆవిడింట్లో కంప్యూటరే లేదు. మెర్సీ మాత్రం ఫోన్ చెయ్యలేదు. పనిలో ఉందేమో అనుకున్నాను. నా బుద్ధికి అంతకు మించి తోచలేదు.

ఆ వారమే యాదగిరి గారు ఫోన్ చేశారు. "రచయిత్రి మేడమ్, సక్సెస్ మీట్ పెడుతున్నం, మీరే చీఫ్ గెస్ట్!"

సినిమావాళ్లకి సక్సెస్ మీట్‌కీ సక్సెస్‌కీ సంబంధం ఉండదు. సినిమా పోయినా మీట్ జరగాల్సిందే. తిట్టినవాళ్లని పిలిచి శాలువా కప్పితే మళ్లీ తిట్టరని ఒక లెక్క. జూబ్లీహిల్స్‌లో ఏసీ హాలు, పూల బొకేలు, వెనక గజ్జెల కత్తి పోస్టరు. ముందు వరసల్లో కాలేజీ పిల్లలు, ఆట ఆడేవాళ్లు. వేదిక చివర కుర్చీలో మెర్సీ. నేను చెయ్యి ఊపాను. ఆమె మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

యాదగిరి గారు మైకు అందుకున్నారు. "మేడమ్ రాసింది మావోళ్లు చదివి చెప్పిన్రు. నాకు సిగ్గయింది. మన ఇండ్లల్ల గూడ ఆడపిల్లలున్నరు గదా! గా అక్షరాలు తీసిపారేస్తం. రెండో పార్టు జర చూసుకుంట చెయ్యమని కిశోర్‌కు ఇస్తున్నం. ఇగ మేడమ్ మాట్లాడుతరు."

మెర్సీ చేతిలో మూత కిందపడి దొర్లింది.

నాకేదో తేడా తెలుస్తూనే ఉంది. కానీ చేతిలో మైకు, భుజాన శాలువా. ఇవి రెండూ ఉన్న మనిషి ఆగదు. వ్యాసంలో రాసిందంతా మళ్లీ చెప్పాను, చేతులతో సైజులు చూపిస్తూ. "డి, సి, బి, ఎ! చివరికి స్మాల్!"

ముందు వరసల పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది నా మాటల ప్రభావం అనుకున్నాను. మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, అవి గ్రేడ్స్ మేడమ్. డి అంటే చెత్తగా ఆడినట్టు. ఎస్ అంటే టాప్. ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ కొడితే గ్రేడ్ పడిపోతుంది. కొత్త కొత్త కాంబోలు కొడితే పెరుగుతుంది. అవి ఆడేవాళ్లకి మార్కులు మేడమ్. ఆటలో ఆమెకి కాదు."

వెనకనుంచి ఎవడో "మేడమ్ ఏమనుకున్నారంట్రా?" అన్నాడు. పక్కవాడు చెప్పాడు. ఇక హాలు హాలంతా! నవ్వు ఆపుకోలేక ఒకడు కుర్చీ కిందికి వంగిపోయాడు.

అప్పుడైనా నోరు మూసుకోవాలా? లేదు! "మార్కులైతే మాత్రం? మనిషిని అక్షరాలతో కొలవడమే అసలు హింస!" అన్నాను. గొంతు నాదే. సిగ్గు కూడా నాదే.

యాదగిరి గారు వెంటనే "కరెక్ట్! మార్కులు గూడ వద్దంటుంది మేడమ్. రాస్కో కిశోర్, మొత్తం తీసెయ్," అన్నారు. కిశోర్ నిజంగానే పెన్ను తీశాడు.

మెర్సీ నాకేసి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ వంక చూస్తామే, అలా చూసింది.

మళ్లీ మైకు తీసుకున్నాను. "యాదగిరి గారూ, ఆగండి. నేను ఆ ఆట ఆడలేదు. ఆ అక్షరాలేమిటో నాకు తెలీదు. మెర్సీ పక్కనే ఉన్నా అడగలేదు. ముందురోజు లోబట్టల షాపుకెళ్లాను, అదే బుర్రలో ఉంది. నేను రాసింది శుద్ధ తప్పు."

"ఏం షాపు?" అన్నారాయన.

మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మైకులో. పైగా ఆయనకి కాస్త చెవుడు.

"అయితే మేడమ్, గీ అక్షరాలు మంచియేనా?"

"మంచివే."

"పోరి పని మంచిగనే చేసిందా?"

"అందరికన్నా బాగా చేసింది. చూడాల్సినవాళ్లే చూడలేదు."

"గట్లయితే ఫికర్ ఎందుకు! కిశోర్, కొట్టెయ్ గది. మెర్సీనే చేస్తది." ఇలా తేల్చేసి ఆయన బిర్యానీ సంగతి కనుక్కోవడానికి వెళ్లిపోయారు.

బయట మెట్ల మీద నన్ను ఆపింది మెర్సీ. "ఆటో పిలవమంటారా మేడమ్?"

మేడమ్! అక్క పోయి మేడమ్ వచ్చింది. చెంపదెబ్బ అయితే ఇంటికెళ్లే లోపు తగ్గేది.

"మెర్సీ, నేను..."

"ఆమె బట్టలు చూశారా మీరు?" అంది.

పోస్టరు గుర్తు తెచ్చుకున్నాను. మోకాళ్లు దాటిన వదులు చొక్కా, పొడుగు చేతులు, పంట్లాం. నా వ్యాసంలో "ఒంటికి అతుక్కుపోయిన దుస్తులు" అని రాశాను. అది ఆటోలో రాసుకున్న సగం.

"కిశోర్ వాళ్లు ముందు గీసింది చూపించాలి మీకు. తువ్వాలంత గుడ్డ లేదు. ఒక్కదాన్నే కూర్చుని రోజూ కొట్లాడి ఇంత బట్ట వేయించాను. జేబులు కూడా పెట్టించాను, మేడమ్. ఆడపిల్ల బట్టలకి జేబులు! ఎవరూ రాయలేదు. మీరు రాస్తారనుకున్నా."

ఆటో వచ్చింది. అమీర్‌పేట మీదుగా పోనిమ్మని చెప్పాను. అది చుట్టుదారే. ఇంటికి ఎంత ఆలస్యంగా చేరితే అంత మంచిదనిపించింది.

సవరణ వేయమంటే మా సంపాదకురాలు "ఏమని వేయమంటావు? వక్షం అని ఉన్నచోట మార్కు అని చదువుకోవలెను, అనా?" అంది. చివరికి మొత్తం సమీక్ష మళ్లీ రాశాను. ఈసారి ఆట ఆడి రాశాను. నాకు డి దాటి ఎప్పుడూ రాలేదు.

మెర్సీ రెండో భాగం పూర్తిచేసింది. అందులో మొదటి యుద్ధానికే ఒక రాక్షసిని పెట్టింది. నాలాగే జుట్టు ముడి, చేతిలో బల్లెమంత పెన్ను, కళ్లు గట్టిగా మూసుకుని కొడుతుంది. అది చచ్చేటప్పుడు వేసే కేక కోసం నన్ను డబ్బింగ్ థియేటర్‌కి పిలిపించి, సరిగ్గా రాలేదంటూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా చంపుతూనే ఉంది.