ఎక్స్‌రేలో కనబడని దెబ్బ

మొన్న మా మనవరాలు స్కూలు మెట్లమీంచి పడితే గచ్చిబౌలిలో డాక్టరమ్మ ముందుగా కాళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగి, ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా ఎమ్మారై కూడా తీయించమంది. ఆ గొట్టంలో పిల్ల ఊరుకోకుండా కాళ్లు ఆడించేసరికి బొమ్మలు అలుక్కుపోయి, మళ్లీ మొదటినుంచీ తీయాల్సి వచ్చింది. టెక్నీషియన్ విసుక్కుంది, మా అమ్మాయి కసిరింది. నేను మాత్రం అద్దంలోంచి ఆ ఆడే కాళ్లకు దణ్ణం పెట్టుకున్నాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు, నా ఈడువాళ్లు గనక మీకు చెబుతాను.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో, నేను సిటీలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. కొత్తగా దిగిన ఎమ్మారై మిషను కూడా నా చేతికిందే ఉండేదని కాస్త గర్వం. ఒక మధ్యాహ్నం పాలమూరు కూలీ ఒకతను, కడుతున్న మేడ మెట్లమీంచి పడిన ఆరేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని ఆటోలో తెచ్చాడు. ఫిల్ములో వెన్నుపూసలన్నీ సరిగ్గా ఉన్నాయి. డాక్టరుగారు చూసేలోపే, నా మిడిమిడి జ్ఞానంతో, ఏం ఫరవాలేదని చెప్పేశాను.

"బొక్క ఇరగలే గద సారూ, ఇగ ఫికర్ లేదు" అని దణ్ణం పెట్టాడు తండ్రి. పిల్ల మాత్రం "కాళ్లల్ల చీమలు పాకుతున్నయి నాయినా" అంది. భయంతో అంటోందనుకుని చెరో చెయ్యీ పట్టుకుని నడిపించాం. నాలుగడుగులు వేసింది. నేను చప్పట్లు కూడా కొట్టాను. డాక్టరుగారూ ఫిల్ము చూసి పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే, కాళ్లు నిలవడం లేదంటూ మళ్లీ అదే భుజంమీద వచ్చింది. ఈసారి ఎమ్మారై రాశారు. అప్పటికీ నేను భయమే అనుకున్నాను. పెద్దవాళ్లే బెదిరిపోయే ఆ మోతలో, మత్తు ఇవ్వకుండానే, పిల్ల కాళ్లు రవ్వంత కూడా కదల్లేదు. ఎంత బుద్ధిమంతురాలివే తల్లీ అని మైకులో మెచ్చుకున్నాను. తెరమీద బొమ్మ చూడగానే మైకు కట్టేశాను. ఎముకలు నిన్నటిలాగే ఉన్నాయి. వాటి మధ్య వెన్నుపాము మాత్రం వాచి, తెల్లగా మెరుస్తోంది. పసిపిల్లల వెన్ను సాగుతుందనీ, ఎముక విరక్కుండానే లోపల నలిగిపోతుందనీ ఆ పూటే తెలుసుకున్నాను. కాళ్లు కదపకపోవడం ఆమె బుద్ధి కాదు, కదపలేకపోవడం.

మరి నడవలేదు. నడిపించకపోయినా అంతేనేమో అన్నారు డాక్టరుగారు. నేను ఈ రోజుకీ నమ్మలేదు.

ఇప్పుడు ఆ మేడల చుట్టూ ఎన్ని ఆసుపత్రులో! పడిన పిల్లను కదపకుండా గట్టి పలకమీద పడుకోబెట్టి తెస్తున్నారు, తిమ్మిరంటే నమ్ముతున్నారు. అది తలచుకుంటే సంతోషమూ వేస్తుంది, ఏడుపూ వస్తుంది. మొన్న రెండోసారి తీసేముందు, మనవరాలికి కదలొద్దని నన్ను చెప్పమన్నారు. ఆ మాట నా నోటికి రాలేదు.