తిన్నానమ్మా

సాయంత్రం చాప నేత ముగించి, మొగలి ఆకుల మోపు చంకన పెట్టుకుని, సెఫినా అవ్వ కాళ్ళీడ్చుకుంటూ ఊరి నడుమగా ఇంటికి వెళుతుంది. సవాయి దీవిలో గోడల్లేని ఇళ్ళలో కూర్చుని తినేవాళ్ళు దారినపోయే మనిషిని పిలవకుండా ముద్ద ఎత్తరు. "అవ్వా, రా, తిందువుగాని!" అని ఇంటింటినుంచీ కేక. "తిన్నానమ్మా, కడుపు నిండింది," అంటుంది అవ్వ, ఆగకుండా. ఒంటరి మనిషి, పొద్దున తిన్న అరటికాయే చాలాసార్లు రాత్రికి కూడా. "ఎప్పుడూ తిన్నానంటావు, నీకు దేవదూతలు వండిపెడుతున్నారా ఏం?" అని పక్కింటి లూపె ఎగతాళి చేస్తుంది.

ఒక ఆదివారం పాస్టరుగారు, మర్యాదకి ఆడినా అబద్ధం పాపమేననీ, అబద్ధికులకు పరలోకంలో చోటు లేదనీ చెప్పారు. ఆ చోటు తప్ప అవ్వకి ఎదురుచూడ్డానికి ఇంకేమీ లేదు. మర్నాడు లూపె పిలిస్తే, "తినలేదు తల్లీ," అంది. లూపె చెయ్యి కుండమీద ఆగిపోయింది. "రా అవ్వా, బోలెడుంది," అంది. కుండలో ఉన్నవి రెండు చేమదుంపలు. "నాకివాళ కడుపులో బాగాలేదు," అంటూ లూపె భర్త తవిటా వెనక్కి జరిగాడు. వాళ్ళ చిన్నపిల్ల తల్లి ముఖం చూసి, "నాకూ ఆకల్లేదు," అంది. అవ్వ చెప్పిన ఒక్క నిజానికి ఆ ఇంట్లో ముగ్గురు అబద్ధమాడారు.

ఇప్పుడు ఎవరు పిలిచినా తిన్నాననే చెబుతుంది. ఇంటికి వెళ్ళి, ప్రార్థనలో ఆ అబద్ధాన్ని ఒప్పుకుని, మంచినీళ్ళు తాగి పడుకుంటుంది.